నేను రాసిన ఒప్పుకోలు

నా చేతిరాత బాగుంటుందని ఆర్మూర్‌లో చాలామంది అంటారు. అక్షరాలు గుండ్రంగా, వరుస తప్పకుండా, కొట్టివేతలు లేకుండా ఉంటాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ చేతిరాత చూసే నన్ను బస్తాల మధ్య నుంచి ఆఫీసు గదిలోకి తెచ్చి కూర్చోబెట్టారు. చాలా ఏళ్ల తరువాత అదే చేతిరాతతో, ఒక మనిషి చేయని తప్పును అతనే చేసినట్టు ఒక కాగితం మీద రాశాను. అతను దాని కింద సంతకం పెట్టాడు. రాసిన నేనూ, సంతకం పెట్టిన అతనూ, ఇద్దరం అది నిజమనే అనుకున్నాం.

ఇప్పుడు రిటైరయ్యాను. గోదాముల్లో, మిల్లుల్లో కొత్తగా సూపర్‌వైజర్లుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, మనుషులతో పని చేయించుకోవడం ఎట్లా అని అడుగుతుంటారు. ఏదో ఒకటి చెప్పి పంపిస్తాను. అసలు చెప్పవలసింది మాత్రం ఇది. ఎదురుగా కూర్చుని చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను.

నేను సూపర్‌వైజర్‌గా పని చేసింది ఒక ప్రైవేటు గోదాంలో. హైవే పక్కన పొడుగాటి రేకుల షెడ్డు, లోపల నాలుగు పెద్ద గదులు, ప్రతి గదికీ ముందొక తలుపు, వెనుకొక తలుపు. పసుపు వచ్చే కాలంలో ధర కోసం ఆగాలనుకున్నవాళ్లు బస్తాలు తెచ్చి మా దగ్గర పెట్టుకునేవారు. నిల్వ ఉన్న పసుపుకు పురుగు పడుతుంది. కొమ్ముకు సూది మొనంత రంధ్రం చేసి లోపలంతా పిండి చేస్తుంది. దాన్ని చంపడానికి గదిలో మాత్రలు పెట్టి, తలుపుల సందులకు టేపు అంటించి, తాళాలు వేసి, పుర్రె బొమ్మ ఉన్న బోర్డులు తగిలిస్తారు. ఆ మాత్రల నుంచి గ్యాస్ పుడుతుంది. వారం దాకా గది తెరవకూడదు. ఆ గ్యాస్‌కు పురుగైనా మనిషైనా ఒకటే.

గ్యాస్ పెట్టే మనిషి ఒకడు మాకు ఉండేవాడు. హమాలీలు అతన్ని 'గ్యాసాయన' అనేవారు. నేనూ ఇక్కడ అట్లాగే రాస్తాను. గల్ఫ్ నుంచి మూడోసారి తిరిగొచ్చాక మా దగ్గర చేరాడు. అప్పటికి ముప్పై దాటి ఉంటాయి. భార్య బీడీలు చుట్టేది. ఒక్కతే కూతురు. ఉద్యోగం కోసం వచ్చిన రోజున నేనే మాట్లాడాను.

"దుబాయి నుంచి ఎందుకు వచ్చేసినవు?" అని అడిగాను.

"పంపిచ్చేసిండ్రు సార్. కోల్డ్ రూమ్ తలుపు మూసుడు మర్చిపోయిన. సామానంత ఖరాబయింది."

"అంతకు ముందు?"

"ముందుగాల పోయినప్పుడు పాస్‌పోర్టు బస్సుల మర్చిపోయిన. రెండోపారి పొద్దుగాల డ్యూటీకి లేట్ అయితుంటి. నాదే తప్పు సార్, అన్నిసార్లు నాదే."

ఇంత నిజాయితీగా మాట్లాడేవాణ్ణి నేను అంతకు ముందు చూడలేదు. మంచివాడనుకుని తీసుకున్నాను. అయితే ఆ కోల్డ్ రూమ్ తలుపును మాత్రం నా బుర్రలో ఒక మూలన భద్రంగా పెట్టుకున్నాను.

పనిలో అతను రెండు రకాల మనిషి. గది తలుపు తీయగానే వాసన చూసి, ఏ లాటులో, అంటే ఏ బస్తాల దొంతరలో, పురుగు పడిందో చెప్పేవాడు. అడుగు బస్తా దగ్గర రాలిన పొడిని వేలితో తీసి, ఇది ఎన్ని రోజుల నుంచి తింటున్నదో చెప్పేవాడు. ఎప్పుడూ తప్పేది కాదు. అదే మనిషి రిజిస్టర్ ఎక్కడ పెట్టాడో మర్చిపోయేవాడు. పెన్నులు పోగొట్టేవాడు. నేను మూడు పనులు చెబితే రెండు చేసి, మూడోది చేస్తూ చేస్తూ మధ్యలో ఇంకేదో కంటబడితే అటు పోయేవాడు. నేను మాట్లాడుతుండగానే అతని కళ్లు నా భుజం మీదుగా ఎక్కడికో పోయేవి.

"ఇంటున్నవా?" అనేవాణ్ణి.

"ఇంటున్న సార్," అని ఉలిక్కిపడేవాడు. విన్నదేమిటో చెప్పమంటే సగమే చెప్పేవాడు.

పొద్దున్నే అందరూ పనికి చేరేటప్పుడు అతని మీద ఒక జోకు వేయడం మాకు అలవాటైపోయింది. "సార్, గీయన ఇంటికి పొయ్యెటప్పుడు తలకాయ తీస్కపోతుండో లేదో జర చూడుండ్రి," అనేవాడు హమాలీల మేస్త్రి. అందరం నవ్వేవాళ్లం. గ్యాసాయన అందరికంటే ఎక్కువ నవ్వేవాడు. అది చూసి, అతనికి బాధ లేదనుకునేవాణ్ణి.

తాళం వేసేటప్పుడు అతనికి ఒక పద్ధతి ఉండేది. నొక్కి, మూడుసార్లు గుంజి, గుంజినప్పుడల్లా గట్టిగా "ఏసిన" అనేవాడు. "ఏసిన... ఏసిన... ఏసిన." అదేం పిచ్చి అని ఒకసారి అడిగాను.

"చేతికి యాదుండదు సార్. చెవులకన్న యాదుంటదని," అన్నాడు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం రెండో గదిలో బస్తాల లాటు పక్కకు ఒరిగింది. దాని కింద ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని పసుపు కొమ్ములు ఏరుతున్నారు. ఎవరమూ గమనించలేదు. గ్యాసాయన గదికి అవతలి చివర నుంచి అడుగు బస్తా ఉబ్బడం చూశాడట. అరుస్తూ ఉరికొచ్చి ఇద్దరినీ రెక్కలు పట్టి ఈడ్చాడు. వాళ్లు లేచిన చోట లాటు మొత్తం కూలింది. నేను చప్పుడు విని పరుగెత్తి వెళ్లేసరికి దుమ్ము ఇంకా లేస్తూనే ఉంది. అంతకు ముందే అతని చేతికి ఆ లాటు స్టాక్ కార్డు ఇచ్చి పంపాను. కార్డేదీ అని అడిగాను. ఉరుకులాటలో ఎక్కడో పడిపోయింది. అందరి ముందూ తిట్టాను. సాయంత్రం ఆఫీసు గది గుమ్మంలో నిలబడి, "కార్డు దొరకలే సార్, తప్పయింది," అన్నాడు. పొమ్మన్నాను. అతను కాపాడిన ఇద్దరి గురించి నేను ఒక్క మాట కూడా అనలేదు. నాకు తట్టలేదు, అంతే.

ఇక ఆ రోజు సంగతి.

సోమవారం సాయంత్రం మూడో గదికి గ్యాస్ పెట్టారు. బుధవారం పొద్దున తొమ్మిదింటికి వెనుక నుంచి మేస్త్రి కేక వినిపించింది. మూడో గది వెనుక తలుపు సగం తెరిచి ఉంది. గడప లోపల రెండు పాదాలు కనిపిస్తున్నాయి. మా హమాలీల్లో అందరికంటే పెద్దాయన. లాట్లు కట్టిన రోజున బస్తాలు లాగే కొక్కెం, తువ్వాల లోపల మర్చిపోయాడు. తాళం నొక్కకుండా కొండికి వేలాడుతోంది, బోర్డు గోడకు ఆనించి ఉంది, గాలి ఆడడానికి తెరిచారనుకుని వెళ్లినట్టున్నాడు.

మేస్త్రి లోపలికి దూకబోతుంటే గ్యాసాయన వెనుక నుంచి నడుము పట్టి లాగి పడేశాడు. మేమంతా అరుస్తూ నిలబడ్డ ఆ కాసేపట్లో అతను మాస్కు తెచ్చుకుని, పట్టీలు బిగించుకుని, ఒక్కడే లోపలికి వెళ్లి ఆ మనిషిని బయటికి మోసుకొచ్చాడు.  ఒక్క అడుగు తడబడలేదు. ఆ సమయంలో అక్కడ సరిగ్గా పని చేసినవాడు అతనొక్కడే.

పెద్దాయనకు అప్పటికి ఊపిరి ఉంది. అంబులెన్స్‌లో నిజామాబాద్ దవాఖానకు తీసుకెళ్తుంటే మాక్లూర్ దాటాక పోయింది. కబురు మాకు ఫోన్‌లో వచ్చింది. పోలీసులు వస్తున్నారని యజమాని చెప్పాడు. వాళ్లు వచ్చేలోగా జరిగిందేమిటో కాగితం మీద ఉండాలన్నాడు.

గ్యాసాయనను ఆఫీసు గదిలోకి పిలిచాను. మాస్కు పట్టీల అచ్చులు ఇంకా చెంపల మీద ఉన్నాయి. మేస్త్రి ఒక మూలన కూలబడి ఏడుస్తున్నాడు. ఆ పోయినవాడు అతని మేనమామ.

"వెనుక తలుపుకు తాళం ఏసినవా?" అని అడిగాను.

"ఏసిన సార్."

"ఖాయంగ?"

ఆ మాట దగ్గర ఆగాడు. కుడి అరచేయి తెరిచి చూసుకున్నాడు, అందులో రాసి ఉంటుందేమో అన్నట్టు.

"ఏసిన్ననే అనుకుంటున్న."

"అనుకునుడు కాదు. ఏసినవా, ఏయలేదా?"

మేస్త్రి లేచి వచ్చాడు. "నువ్వు ఏనాడన్న ఏ పనన్న సక్కగ చేసినవార? దుబాయిల గట్లనే తలుపు మర్చిపోయి రాలేదా? మా మామను సంపితివి గదరా!"

ఇంకొకరైతే ఎదురు తిరిగేవారు. అతను మేస్త్రి చెప్పినదాన్ని ఆలోచించాడు. నిజంగా ఆలోచించాడు, లెక్క సరిచూసుకునేవాడిలా. అప్పుడు అతని ముఖం మారింది. అందులో భయం లేదు. ఎప్పటి నుంచో రావలసినది వచ్చేసిందన్నట్టుంది.

"ఏయకపోయుంట సార్," అన్నాడు. తరువాత కొంచెం గట్టిగా, "ఏయలేదు. నేనే మర్చిపోయిన."

'ఏసిన' నుంచి 'మర్చిపోయిన' దాకా పది నిమిషాలు కూడా పట్టలేదు.

అప్పుడే పసుపు ఏరడానికి వచ్చే ఒకామె గుమ్మం దగ్గరికి వచ్చింది. లాటు కూలిన రోజు అతను ఈడ్చి కాపాడిన ఇద్దరిలో ఆమె ఒకతె.

"సారూ, నేనిన్న. సోమారం నాడు గీయన ఎనుక తలుపేస్తుంటే నేనాడనే చాటలు కడుగుతున్న. మూడుసార్లు ఏసిన, ఏసిన అన్నడు."

"రోజూ అంటడు కదమ్మా. నువ్విన్నది ఏ రోజుదో నీకేం తెలుసు?"

"సోమారమే సారూ. నాకు మంచిగ యాదున్నది."

నేను జవాబు చెప్పేలోపల అతనే అడ్డుపడ్డాడు. "వద్దక్కా. నేనే మర్చిపోయిన. నా సంగతి నాకు తెల్వదా?"

నువ్వెళ్లి పని చూసుకోమ్మా అన్నాను. ఆమె గుమ్మం దగ్గరే కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

తెల్లకాగితం తీసుకుని రాశాను. 'నా అజాగ్రత్త వలన' అని మొదలుపెట్టాను. చదివి వినిపించాను. అంతా విని, "పూర్తిగ నాదే అని గూడ రాయుండ్రి సార్. వేరేటోళ్ల మీదికి పోవద్దు," అన్నాడు. అదీ రాశాను. సంతకం పెట్టాడు. ఆ కాగితంలో ఒక్క కొట్టివేత లేదు.

మూడో గది తాళానికి రెండో చెవి, మిగతా గదుల చెవుల గుత్తిలో, నా కుర్చీ వెనుక బీరువాలో ఉండేది. అది ఎవరి చేతికైనా వెళ్లిందా అని ఎవరూ అడగలేదు. పోలీసులు అడగలేదు. ఒప్పుకున్నవాడు ఎదురుగా ఉంటే ఇంకెవరిని అడుగుతారు? నన్ను నేను కూడా అడగలేదు. తాళాల విషయంలో నన్ను అడగవలసిన అవసరం ఉందని అక్కడ ఎవరికీ తోచదు. నేను దేన్నీ మర్చిపోని మనిషిని.

అతను కొన్ని రోజులు జైల్లో ఉండి, బెయిలు మీద వచ్చాడు. ఉద్యోగం పోయింది. కేసు నడవసాగింది. కొత్త గ్యాస్ మనిషి వచ్చాడు. పొద్దున్నే వేసే జోకులు కొంతకాలం ఆగి, మళ్లీ ఇంకొకరి మీద మొదలయ్యాయి.

ఏడు నెలల తరువాత బస్టాండ్ దగ్గర టీ తాగుతుంటే ఒక ఎలక్ట్రీషియన్ పలకరించాడు. గోదాంలో దీపాలు, ఫ్యాన్లు బాగు చేయడానికి వచ్చేవాడు. గల్ఫ్ వెళ్లి సెలవు మీద వచ్చానన్నాడు. క్షేమసమాచారాలయ్యాక, తనే ఆ మాట ఎత్తాడు.

"మనిషి పోయింది మూడో నంబర్లనేనట గద సార్? నేను దుబాయికి పోయే ముందట గా తలుపే తీసిన. మీరు తాళాల గుత్తి ఇస్తిరి గద, నాలుగో నంబర్ ఎనుక లైటు చూడమని. నాలుగనుకొని మూడోది తీసిన. ఎల్లిపాయ కుళ్లిన వాసన, ముక్కు పగిలిపోయింది. మూసి ఉరికిన."

టీ గ్లాసు కింద పెట్టాను. "ఎప్పుడది?"

"మంగళారం సార్. బుధారం నాడు రాత్రే నా ఫ్లైటు."

"బోర్డు చూడలేదా? టేపు లేదా?"

"గా బోర్డులు నాలుగింటికి ఎప్పటికీ ఏలాడుతనే ఉంటయి గద సార్. గ్యాసున్నా లేకున్నా. తీసి గోడకు పెట్టిన. టేపు పాతదనుకున్న."

"మళ్లీ తాళం?"

అతను తల గోక్కున్నాడు. "తగిలిచ్చిన సార్. నొక్కిన్నో లేదో... యాదికి లేదు. అయినా గా గ్యాసాయన తానే మర్చిపోయిన అన్నడట గద?"

గ్యాస్ లేని గదుల బోర్డులు తీయించే పని నాది. తాళాలు తీసుకున్నవాళ్ల చేత పుస్తకంలో సంతకం పెట్టించే నియమం పెట్టిందీ నేనే. ఆ మంగళవారం మధ్యాహ్నం నేను ఫోన్‌లో ఉన్నాను. తల ఎత్తకుండా, వెనక్కి చేయి చాపి, బీరువాలో నుంచి గుత్తి తీసి ఇచ్చాను. అదంతా ఇప్పుడు టీ బండి దగ్గర ఒక్కసారిగా కళ్ల ముందుకు వచ్చింది. ఆ గుత్తి బరువు కూడా గుర్తొచ్చింది. అప్పటి దాకా, ఏడు నెలల పాటు, అది నా జ్ఞాపకంలో ఎక్కడా లేదు. దాచిపెట్టింది కాదు. నేను మర్చిపోయాను.

అప్పుడే లేచి పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఉంటే ఈ కథ కొంత మేలుగా ఉండేది. వెళ్లలేదు. రిటైర్‌మెంట్ రెండు నెలల్లో ఉంది. పేరు చెడకుండా బయటపడితే చాలు, ఆ తరువాత చెబుదామనుకున్నాను. వీడ్కోలు సభ పెట్టారు. శాలువా కప్పారు. యజమాని మైకులో, "ఇన్నేండ్లల్ల ఈయన చేతుల నుంచి ఒక్క తాళం చెవి తప్పిపోలేదు," అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను చేతులు జోడించి కూర్చున్నాను. ఆ శాలువా ఇంట్లో ఎక్కడుందో ఇప్పటికీ చూడను.

ఆ మరుసటి వారం అతన్ని వెతుక్కుంటూ వెళ్లాను. బాల్కొండ దగ్గర మొక్కజొన్న మక్కలు ఆరబోసే ఒక కల్లంలో పని చేస్తున్నాడు. ఎండలో, పొడుగాటి కర్రతో మక్కలు తిరగేస్తున్నాడు. నన్ను చూసి కర్ర కింద పెట్టి, తువ్వాల భుజం మీద నుంచి తీసి చేతుల్లో పట్టుకున్నాడు. బాగా చిక్కిపోయాడు.

"ఇక్కడ మంచిగనే ఉన్నది సార్," అన్నాడు, నేనడగకముందే. "తలుపులు లేవు, తాళాలు లేవు. మర్చిపోయేటందుకు ఏం లేదు."

రేకు నీడలో కూర్చున్నాం. చెప్పాను. ఎలక్ట్రీషియన్, గుత్తి, ఫోన్, మంగళవారం, అన్నీ. ఏడుస్తాడనుకున్నాను. కొడతాడని కూడా అనుకున్నాను. అతను మధ్యలో ఒక్కసారి కూడా కళ్లు పక్కకు తిప్పకుండా విన్నాడు. తరువాత నెమ్మదిగా అన్నాడు.

"మీరు మంచోళ్లు సార్. నాకోసం గింత దూరమొచ్చి గిట్ల చెప్తున్నరు. గని నేనే మర్చిపోయిన."

"కాదయ్యా. నువ్వేసినవు. వాడు తీసిండు."

"ఆయన వేరే తలుపు తీసుండొచ్చు సార్."

"మూడోదే అని వాడే చెప్పిండు! వాసన వచ్చిందని చెప్పిండు!"

"ఏమో సార్." చేతిలోని తువ్వాలను మడతపెట్టాడు. "సార్, నేను చిన్నగున్నప్పటి సంది ప్రతిసారి నేనే మర్చిపోయిన. బళ్లె పలక పోతే నేనే, ఇంట్ల గేదె తప్పిపోతే నేనే, దుబాయిల నేనే. ముందుగాల 'నేను చేసిన' అంటుంటి. ఎన్కకు చూస్తే చేసుండకపోతుంటి. గట్ల ఎన్నిసార్లయినయో. ఇంక నా మాట నేనే ఎట్ల నమ్మాలె?"

లాటు కూలిన రోజును గుర్తు చేశాను. నువ్వు లేకపోతే ఆ ఇద్దరు ఆడవాళ్లు ఉండేవారు కాదన్నాను.

"గా రోజా? కార్డు పోగొట్టిన సార్," అన్నాడు.

 అతనే మళ్లీ మాట్లాడాడు. ఈ మధ్య బిడ్డను నిజామాబాద్‌లో ఒక మానసిక డాక్టర్‌కు చూపించారట. అయిదో తరగతి పిల్ల. క్లాసులో కుదురుగా కూర్చోదు, చెప్పింది సగంలో వదిలేస్తుందని టీచరమ్మే పంపింది. డాక్టర్ పిల్లను అడిగిన ప్రశ్నలు విని, అతని భార్య, 'గివన్ని మా ఆయనకు గూడ ఉన్నయి' అన్నదట. అప్పుడు డాక్టర్ అతన్నీ కూర్చోబెట్టి చాలాసేపు అడిగాడట.

"ఏడీహెచ్‌డీ అంటరట సార్. ఇద్దరికీ ఉన్నదట. మెదడు ఒక్క దాని మీద నిలవడదట. బద్ధకం గాదట, పొగరు గాదట, తెలివి తక్కువ గూడ గాదట." నవ్వాడు. "ముప్పై ఎనిమిదేండ్లకు పేరు దొరికింది. ముందుగాల దొరికితే మా నాయినతోని గన్ని దెబ్బలు తప్పుతుండె."

"మందులు వాడుతున్నవా?"

"బిడ్డకు పెడుతున్నం. నాకెందుకు సార్ ఇప్పుడు."

వకీలును కలిశాను. పోలీసులకు వాంగ్మూలం ఇచ్చాను. ఎలక్ట్రీషియన్ సెలవు అయిపోయి గల్ఫ్ వెళ్లిపోయాడు. ఫోన్‌లో బతిమాలి, తరువాతి సెలవులో వచ్చినప్పుడు అతని చేతా చెప్పించాను. పసుపు ఏరే ఆమె కోర్టుకు వచ్చి, మొదటి రోజు నాతో చెప్పిన మాటనే ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. "గప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగారు. ఆమె నా వైపు చూపించి, "చెప్పిన. సారు పొమ్మన్నడు," అంది.

చనిపోయిన పెద్దాయన ఇంటికి కూడా వెళ్లాను. అతని భార్యకు అంతా చెప్పాను. ఆమె తిడుతుందని సిద్ధపడే వెళ్లాను. ఆమె నేలను చూస్తూ మాట్లాడింది.

"గా పిలగాడు నెలకొకపారి వచ్చి గడప కాడ కూసునేటోడు," అంది. "తప్పయిందమ్మా అని ఏడ్సేటోడు. నేను సీపిరి తీసుకొని కొట్టిన. రెండుసార్లు కొట్టిన. చెయ్యి గూడ అడ్డం పెట్టలేదు." తరువాత తల ఎత్తి నన్ను చూసింది. "నువ్వు ముందుగాల ఎందుకు రాలేదు?"



కోర్టు అతన్ని వదిలేసింది. ఇప్పుడు కేసు నామీద నడుస్తోంది. వాయిదాకు పిలిచినప్పుడల్లా వెళ్లి, అతను నిలబడిన చోటే నిలబడుతున్నాను. అది సరిగ్గానే ఉంది. దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

కొత్తగా మనుషుల మీద అధికారం వచ్చినవాళ్లకు ఒక్క మాట. మీ దగ్గర పని చేసేవాళ్లలో అడగ్గానే తప్పు ఒప్పుకునేవాడు ఒకడుంటాడు. మీకు చాలా సౌకర్యంగా ఉంటుంది. విచారణ తొందరగా ముగుస్తుంది, కాగితం శుభ్రంగా ఉంటుంది. అతను ఒప్పుకుంటున్నది ఇవాళ్టి తప్పునో, పుట్టినప్పటి నుంచి తిన్న తిట్లన్నిటినో అడగండి. రాయడానికి ముందు అడగండి. నేను ఆరేళ్లు అతని పక్కన పని చేశాను. రోజూ పొద్దున్నే నవ్వుతూ ఒక్కో జోకు వేసి, ఆ బుధవారానికి అతన్ని సిద్ధం చేసినవాళ్లలో నేనొకణ్ణి.

తీర్పు వచ్చిన రోజు కోర్టు మెట్ల మీద అతన్ని ఆపాను. ఇప్పుడన్నా నమ్ముతావా అన్నాను.

"జడ్జి సారు ఇడిచిపెట్టిండు గద సార్, చాలు," అన్నాడు. నమ్మలేదని అర్థమైంది. అతని భార్య పక్కనే ఉంది. ఆమె ఏదో సైగ చేసింది. అతను తటపటాయించి అడిగాడు.

"నా సంగతి ఇడిచిపెట్టుండ్రి. ఒక్కపారి మా ఇంటికొచ్చి గీ ముచ్చట మా బిడ్డకు చెప్తరా? బళ్లె పిల్లలు, మీ డాడీ మర్చిపోతే ఒక మనిషి సచ్చిండు, నువ్వు మర్చిపోతే ఎంతమంది సస్తరో అంటున్నరట. అన్నీ వచ్చి గూడ క్లాసుల చెయ్యి ఎత్తుతలేదు. పెన్సిలు పోతే గోడ దిక్కు తిరిగి కూసుంటది. నేను చెప్తే నమ్మది సార్. నేనే నమ్మంది అదెట్ల నమ్ముతది?"

ఆదివారం వెళ్లాను. ఒక్క గది ఇల్లు. అతని భార్య ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నాకు కుర్చీ వేశారు. ఆ పిల్ల గోడకు ఆనుకుని, మోకాళ్ల మీద నోటుబుక్కు పెట్టుకుని కూర్చుంది. రెండు జడలు, ఒకదానికి రిబ్బను లేదు. నేను కుర్చీలో నుంచి దిగి చాప మీద కూర్చున్నాను.

"మీ డాడీ ఆ రోజు తాళం ఏసిండు బిడ్డా," అన్నాను. "మూడుసార్లు గుంజి చూసిండు. ఇంకొకాయన వచ్చి తీసిండు. ఆయనకు తాళం చెవులిచ్చింది నేను. ఇచ్చిన సంగతి మర్చిపోయి, తప్పు మీ డాడీదని నేనే కాగితం మీద రాసిన."

ఆ పిల్ల నన్ను పరిశీలనగా చూసింది. పెన్సిల్ కొనను పళ్ల మధ్య పెట్టుకుంది.

"మీరే మర్చిపోయిండ్రా?"

"నేనే."

"మీకు గూడ ఏడీహెచ్‌డీ ఉన్నదా తాతా?"

"లేదు బిడ్డా. నాకేం లేదు."

బీడీలు చుడుతున్న చేతులు ఆగాయి. గ్యాసాయన గుమ్మం దగ్గర నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. పిల్ల ఇంకా నన్నే చూస్తోంది.

"మరి మిమ్మల్ని ఎవ్వలు తిట్టలేదా?"

"లేదు," అన్నాను.

ఆ పిల్ల నోటుబుక్కు మూసి పక్కన పెట్టి, లేచి వెళ్లి తండ్రి పక్కన నిలబడింది.